దేవుని కడాయి

మేము ఎడపల్లికి వచ్చింది గాలి కోసం.

నిజామాబాద్‌లో మా ఇల్లు బస్టాండు వెనుక సందులో ఉండేది. ఇరవై ఏడేళ్ళు అక్కడే గడిచాయి. నా భార్య చంద్రవ్వకు ఊపిరి పట్టేయడం మొదలైనప్పుడు డాక్టరు మందులు రాశాడు. చివర, మందులకంటే గట్టిగా ఒక మాట చెప్పాడు: పట్నం దుమ్ములోంచి బయటపడండి. నేను ఉద్యోగం నుంచి దిగిపోయిన ఏడాదే ఎడపల్లి శివారులో, చెరుకు తోటల అంచున రెండు గదుల ఇల్లు కట్టాము. గాలి ధారాళంగా రావాలని కిటికీలు పెద్దవి పెట్టించాను. గాలి ధారాళంగానే వచ్చింది.

మరుసటి ఏడాది ఆ కిటికీలకు ఎదురుగా, మూడు వందల గజాల దూరంలో, ఆశన్న బెల్లం బట్టీ పెట్టాడు. చక్కెర ఫ్యాక్టరీ మూతపడ్డ తర్వాత ఈ చుట్టుపక్కల చెరుకును నమ్ముకున్నవాళ్ళకు మిగిలింది రెండే దారులు: వరికి మారడం, లేదా తమ చెరుకును తామే వండుకోవడం. ఆశన్న వండుకోవాలనుకున్నాడు. అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు.

అతను నా విద్యార్థి. జూనియర్ కాలేజీలో నేను తర్కశాస్త్రం చెప్పేవాణ్ణి. ఆ సబ్జెక్టు తీసుకునేవారు తగ్గి తగ్గి ఆగిపోయాక మిగతా సర్వీసంతా పౌరశాస్త్రం చెప్పాను. కొండమీద పొగను చూసి అక్కడ నిప్పు ఉన్నదని తెలుసుకోవడం తర్కంలో మొదటి పాఠం. ఆ పొగ ఏ రంగులో ఉంటుందో పాఠంలో లేదు. ఏ విద్యార్థీ అడగలేదు. అడిగి ఉంటే, రంగు అప్రస్తుతమని చెప్పి ఉండేవాణ్ణి.

చెరుకు పిప్పి కాలితే వచ్చే పొగ తెల్లగా, తేలికగా ఉంటుంది. ఆశన్న పొగగొట్టంలోంచి వచ్చేది నల్లగా, బరువుగా, నూనె అంటినట్టు ఉండేది. అది పైకి పోయేది కాదు, పక్కకు వాలేది. ఆరేసిన దుప్పటి మీద వేలితో గీస్తే గీత పడేది. చంద్రవ్వ కిటికీలు మూసి, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని మంచం మీద కూర్చునేది. ఒక్కొక్క ఊపిరినీ లోతైన బావిలోంచి చేదుకుంటున్నట్టు తీసుకునేది. ఆ చప్పుడు వింటూ పుస్తకం చదవడం నాకు అలవాటైంది. అలవాటైందని గమనించిన రోజు పుస్తకం మూసి, చెప్పులు వేసుకుని బట్టీకి వెళ్ళాను. నాకు కావలసింది ఒక్కటే: ఆ పొగ ఆగాలి.

పాక గడప దగ్గర నర్సింలు ఆపాడు. పొయ్యిలోకి పిప్పి ఎగదోసే మనిషి. ఏళ్ళ తరబడి నిప్పు ముందు నిలబడి కనుబొమలు పోగొట్టుకున్నవాడు.

"చెప్పులు ఆడ ఇడువుండ్రి సార్. పొయ్యి లచ్చిమి."

విడిచాను. అతని పక్కన లారీ టైర్లు ముక్కలుగా కోసి పేర్చి ఉన్నాయి. బోధన్ రోడ్డు మీది పంక్చర్ దుకాణాల నుంచి వచ్చినవి. ఒక ముక్కను ఇనుప కొక్కెంతో లాగి లక్ష్మి నోట్లోకి తోశాడు.

"చెప్పులు పనికిరావు గానీ టైర్లు పనికొస్తాయా నర్సింలూ?"

"చెప్పులు కాళ్ళయి సార్. టైర్లు బండియి."

వర్గీకరణలో దోషం లేదు. ఆశన్న వచ్చి నవారు మంచం వాల్చాడు.

"పిప్పి ఎండనీకె నాలుగు దినాలు గావాలె సార్," అన్నాడు. "ఎండబెట్టి, తిరగేసి, కుప్పజెయ్యనీకె మనుషులు గావాలె. యాడున్నరు మనుషులు? టైరు గట్లగాదు. ఏస్తే గుప్పున అంటుకుంటది. దినాం మూడు కడాయిలు దిగేకాడ అయిదు దిగుతయి. బెల్లం గూడ పసుప్పచ్చగ మెరుస్తది. మెల్లగ కాగిందనుకో, నల్లవడ్తది. మార్కెట్ల సేట్లు ముట్టనన్న ముట్టరు."

"చంద్రవ్వకు ఊపిరి ఆడడం లేదు ఆశన్నా."

అతను తల దించుకున్నాడు. "ఎరుకే సార్. గాలి మీ దిక్కు తిరిగినప్పుడల్ల మా అవ్వ యాదికొస్తది. ఆమె గిట్లనే ఆయాసంతోని పోయింది." అతని గొంతులో బాధ నిజమైనదే. నర్సింలు ఇంకో ముక్క తోశాడు.

"కడాయిలన్నీ టైర్లతోనేనా?"

"ఛ, లే సార్! మొదటి కడాయి దేవునిది గద."

ఆ ఆనవాయితీ గురించి నేను వినడం అదే మొదటిసారి. కార్తీకంలో చెరుకు కొట్టడం మొదలవుతుంది. ఆ ఏటి మొదటి కడాయిని ముహూర్తం పెట్టించి ఎక్కిస్తారు. దాని కోసం నిరుటి పిప్పిలో బాగా ఎండినదాన్ని వేరుగా కుప్ప వేసి ఉంచుతారు. దాని కింద ఇంకేదీ కాల్చరు. ఆ కడాయిలోంచి తీసిన మొదటి దిమ్మ లింబాద్రి గుట్టకు, నరసింహస్వామికి పోతుంది. ఆ పాకం చెడితే ఆ ఏడు బట్టీ అచ్చిరాదు.

"దేవుని కడాయికి పిప్పి సరిపోయినప్పుడు మనుషుల కడాయికి ఎందుకు సరిపోదు?" అని అడిగాను.

ఆశన్న నన్ను జాలిగా చూశాడు. "దేవుడు తినేది ఒక్క కడాయి సార్. మనుషులు తినేటియి నాలుగు వందలు."

చెప్పులు వేసుకుని తిరిగి నడుస్తున్నప్పుడు నాకు ఆశ కలిగింది. టైరు కాల్చడం తప్పని ఆశన్నకు తెలుసు. తెలియకపోతే దేవుణ్ణి మినహాయించేవాడు కాదు. తప్పని తెలియనివాడికి బోధించాలి. తెలిసినవాడికి తోవ చూపిస్తే చాలు. ఆ తోవ నా కళ్ళ ముందే ఉంది. నా పాత సహోద్యోగి కూతురు దీక్షిత హైదరాబాద్‌లో సహజ ఆహార పదార్థాలు అమ్మే ఒక దుకాణాల సంస్థలో సరుకు ఎంపిక చేస్తుంది. స్వచ్ఛమైన బెల్లానికి వాళ్ళు మంచి ధర ఇస్తారు. ధర మంచిదైతే ఆశన్న రోజుకు అయిదు కడాయిలు దించనవసరం లేదు, రెండు చాలు. రెండే అయితే పిప్పి ఎండేదాకా ఆగవచ్చు. ఆగితే టైరు అక్కర లేదు. వాదం గొలుసులా ఒకదానికొకటి తగులుకుంది. ఎక్కడా దోషం కనిపించలేదు. దోషం కనిపించని చోటే ఇంకోసారి చూడాలని క్లాసులో చెప్పేవాణ్ణి. నేను చూడలేదు.

దీక్షిత ముందు శాంపిల్ పంపమన్నది. ఆశన్న అన్నిటికంటే పచ్చగా మెరిసే దిమ్మను ఏరి ఇచ్చాడు. టైర్ల మీద కాగినదే. పరీక్షలో ఏ లోపమూ రాలేదని ఆమె ఫోన్ చేసింది. నాకు సంతోషం కలిగింది. ఆ సంతోషాన్ని కొంచెం తరచి చూసి ఉంటే, పొగ కడాయిలోకి పోవడం లేదని, మా కిటికీలోకి మాత్రమే వస్తున్నదని అర్థమయ్యేది.

వండే తీరు కళ్ళారా చూస్తేనే ఆర్డరు ఇస్తారట. వచ్చే కార్తీకంలో మొదటి కడాయి నాడు రమ్మన్నాను. ఆశన్నకు చెబితే పకపకా నవ్వాడు.

"దేవుని కడాయి సూపెట్టి మనుషుల కడాయి అమ్ముదామంటరా సార్? మీరు గూడ వ్యాపారం నేర్సిండ్రు."

"కాదు. ఇకనుంచి అన్నీ దేవుని కడాయిలే. ఆర్డరు వస్తే టైర్లు మానేస్తానని మాట ఇవ్వు."

నా చేతిలో చెయ్యి వేశాడు. "ఆర్డరొస్తే టైర్లు బంద్. రాకుంటే మాత్రం నన్ను మల్ల అడగొద్దు సార్. మీరు అడిగితే కాదనలేను, జేస్తే బతకలేను."

ఆ విధంగా చంద్రవ్వ ఊపిరి ఒక్క కడాయి పాకం మీదికి వచ్చింది.

ముహూర్తానికి రెండు రోజుల ముందు వాన పడింది. కార్తీకంలో రావలసిన వాన కాదు. ఎక్కడో సముద్రంలో తుఫాను. రెండు పగళ్ళూ రెండు రాత్రులూ ఆగకుండా కురిసింది. దేవుని కోసం దాచిన పిప్పి మీది టార్పాలిన్ పాతది. చిరిగిపోయి ఉంది. కుప్ప సగం దాకా నానిపోయింది. టైర్ల మీద మాత్రం కొత్త టార్పాలిన్ ఉంది. దీక్షిత కంట పడకుండా పాక వెనుకకు చేర్చి కప్పమని నేనే పట్టుబట్టి కొనిపించాను.

"ముహూర్తం మారుద్దామా?" అన్నాను.

"అయ్యగారు పెట్టినంక మారదు సార్. మధ్యల ఎండిన పిప్పి ఉంటది. ఎల్తది," అన్నాడు ఆశన్న.

ఆ పొద్దున చంద్రవ్వ కూడా బయలుదేరింది.

"నువ్వెందుకు? ఆయాసం వస్తుంది," అన్నాను.

"రెండేండ్ల సంది ఆ పొగ నా ఇంట్లకొస్తున్నది. ఒక్కసారన్న నేను దాని ఇంటికి పోవద్దా?" అన్నది.

క్రషర్‌కు పసుపు కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టారు. ఆరడుగుల ఇనుప కడాయిలోకి రసం చేరింది. ఆశన్న బెండ కాండం నలిపి ఆ జిగురు కలిపాడు. మడ్డి పైకి తేలింది. దాన్ని జల్లిగంటెతో తీసి పారబోస్తుంటే దీక్షిత ఫోన్‌లో ఫోటోలు తీసుకుంది. ఆమె కూడా చెప్పులు గడప బయటే విడిచింది. అడగకుండానే విడిచిందని నర్సింలు మురిసిపోయాడు. పొగగొట్టంలోంచి తెల్లని పొగ నిటారుగా లేచింది. చంద్రవ్వ కొంగు తీసేసి, తల పైకెత్తి దాన్ని చూసింది.

"గిది పొగనా?" అన్నది. "గిదైతే దినమంత చూడొచ్చు."

ఆ మాట విన్నప్పుడు నేను గెలిచాననుకున్నాను.

రసం పాకం కావడానికి ఇంకా సమయం ఉంది. చంద్రవ్వ దీక్షితను చాయ్ తాగుదువు రమ్మని మా ఇంటికి తీసుకుపోయింది. వాళ్ళు గట్టు దాటి కనుమరుగైన కాసేపటికి ఎండిన పిప్పి అయిపోయింది. నర్సింలు తడి పిప్పి వేశాడు. పొయ్యి బుసబుసమని ఆవిరి కక్కింది. తుమ్మ కంప వేశాడు. అదీ నానినదే. కడాయిలో నురుగు మెల్లగా కుంగడం మొదలైంది.

ఆశన్న గరిటెతో కొంచెం తీసి నీళ్ళలో వేసి చూశాడు. ఉండ కట్టలేదు, వేళ్ళ సందుల్లోంచి జారిపోయింది. "మంట దాకుతలేదు. ఇంకో పావుగంట గిట్లనే ఉంటే పాకం చెడ్తది. ఇగ అది బెల్లం గాదు, సాగుడు ముద్ద."

"డీజిల్?"

"బండ్ల ఉన్నది ఇంటికి పోనీకెనే సాలది."

ముగ్గురమూ ఒకే దిక్కు చూశాము. పాక వెనుక దిక్కు.  ఆ మాట నేనే అన్నాను.

"ఒక్క ముక్క..."

"దేవుని కడాయి కింద టైరా?" ఆశన్న చెంపలు వేసుకున్నాడు. "నా చేతులతోని ఎయ్య సార్. ఆర్డరు పోతె పోయింది. పిల్లలు గల్లోన్ని."

నర్సింలు వైపు చూశాను. అతను కొక్కెం నేలమీద పెట్టి రెండు అడుగులు వెనక్కి వేశాడు. "నా దిక్కు సూడకుండ్రి సార్. కూలికి ఏది ఎయ్యమంటె అది ఏసేటోన్నే. గని ఇయ్యాల ఎయ్య. లచ్చిమి నన్నే గుంజుకుంటది."

రెండేళ్ళుగా ఊరి మీదికి నల్లని పొగ వదిలిన ఇద్దరూ చేతులు కట్టుకుని నిలబడ్డారు. వాళ్ళ ముఖాల్లో భయం ఉంది. దాని పక్కనే నేను అంతకుముందు చూడని ఒక గౌరవం కూడా ఉంది. అక్కడున్న ముగ్గురిలో ఆ నియమం అడ్డురానిది నాకు ఒక్కడికే. నేను దేవుణ్ణి నమ్మను. ఇప్పుడు రెండు మూడు ముక్కలు కాలిస్తే ఆర్డరు వస్తుంది. ఆర్డరు వస్తే నాలుగు వందల కడాయిల కింద టైరు కాలదు. ఇప్పుడు కాల్చకపోతే నాలుగు వందల కడాయిల కిందా కాలుతుంది. ఒకవైపు రెండు మూడు ముక్కలు, మరోవైపు ఒక ఏడాది. ఇంతకంటే సులభమైన తూకం ఉండదు. అంత సులభంగా ఉండడం నన్ను కలవరపెట్టి ఉండాలి. నేను అప్పటికే పాక వెనుకకు నడుస్తున్నాను.

టార్పాలిన్ కింద టైర్లు ఎంతో పొడిగా ఉన్నాయి.

అరవై రెండేళ్ళ మనిషికి లారీ టైరు ముక్క తేలిక కాదు. పంచె మోకాళ్ళపైకి కట్టి, ఈడ్చుకుంటూ వచ్చాను. నర్సింలు ముట్టుకోలేదు. కానీ చెప్పడానికి అతనికి నియమం అడ్డు రాలేదు.

"కొక్కెం ఎనుక కాడికి ఏయుండ్రి సార్... గట్ల గాదు, గట్ల గాదు, మీదవడ్తది... లోపటికి దొబ్బుండ్రి. ఇంక లోపటికి. ఎడమకు. అబ్బ, సార్, బడిల పంతులు లెక్క మెల్లగ జేస్తరేంది?"

"నేను పంతుల్నే."

"గందుకే జెప్తున్న."

మొదటి ముక్క గుప్పుమని అంటుకుంది. ఆ వేడికి ముఖం తిప్పుకున్నాను. రెండోది వేశాను. మూడోది వేశాను. కడాయిలో నురుగు ఒక్కసారిగా లేచింది. పాకం బంగారు రంగుకు తిరిగింది. ఆశన్న నీళ్ళలో వేసి తీసి, వేళ్ళ మధ్య మెత్తని ఉండను నాకు చూపించాడు. అతని కళ్ళు వెలిగిపోతున్నాయి. నాలుగోది అక్కర లేదని నర్సింలు చెప్పాడు.

అప్పుడు బయటికి వచ్చి పైకి చూశాను. నల్లని పొగ గొట్టం అంచు దాకా లేచి, కాసేపు ఆగి, పక్కకు వాలింది. గాలి మా ఇంటి వైపు ఉంది. ఇంట్లో చంద్రవ్వ కిటికీలన్నీ బార్లా తెరిచి, దీక్షితకు చాయ్ పోస్తూ ఉంటుంది. రెండేళ్ళలో బట్టీ మండుతుండగా ఆమె కిటికీలు తెరిచి పెట్టిన మొదటి పగలు అది.

వాళ్ళు తిరిగి వచ్చేసరికి పాకం చెక్క తొట్టిలోకి దిగింది. చంద్రవ్వ గట్టు మీద రెండుసార్లు ఆగింది. కొంగు మళ్ళీ ముక్కు మీదికి వచ్చింది. ఆమె పొయ్యిని చూడలేదు, పొగగొట్టాన్నీ చూడలేదు. నా చేతులను చూసింది. మోచేతుల దాకా నల్లగా ఉన్నాయి.

"చేతులు కడుక్కో," అన్నది. అంతే.

దీక్షిత వేడి బెల్లం నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది. "సూపర్ సర్. అచ్చం శాంపిల్ లాగే ఉంది. ఆ రంగు చూడండి."

అబద్ధం మీద నిలబెట్టిన మంచి ఎంతకాలం నిలుస్తుందన్న ప్రశ్న నన్ను చాలా ఏళ్ళు పుస్తకాల్లో వేధించింది. ఇప్పుడు అది మసి చేతులతో నా ఎదురుగా నిలబడింది. ఆర్డరు పోతుందని తెలిసే చెప్పాను.

"అమ్మా, చివర్లో మంట తగ్గితే టైరు ముక్కలు వేశాం. మూడు. నేనే వేశాను. నువ్వు తిన్న శాంపిల్ కూడా టైర్ల మీదదే."

ఆశన్న గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాడు.  దీక్షిత నవ్వింది.

"అయ్యో సర్, అందుకా ఇంత టెన్షన్ పడుతున్నారు? కడాయిలో ఏం వేశారన్నదే మాకు ముఖ్యం. కెమికల్స్ వేయలేదు కదా? బెండ జిగురే కదా? ల్యాబ్ రిపోర్ట్ క్లీన్‌గా ఉంది. కడాయి కింద ఏం కాల్చారని మా ఫారంలో కాలమ్ లేదు." ఫోన్ తెరిచి నిజంగానే వెతికింది. "లేదు సర్. చూడండి."

చూశాను. లేదు.

"మీరు ఇంత నిజాయితీగా చెప్పారు చూడండి, దాంతో నమ్మకం ఇంకా పెరిగింది," అన్నది. ఆర్డరు అక్కడే ఖాయం చేసింది. ఆశన్న ఊహించినదానికి రెట్టింపు. ఒకే షరతు పెట్టింది: "కలర్ మాత్రం ఇలాగే ఉండాలి అన్నా. ప్రతి బ్యాచ్ ఇలాగే. నల్లబడితే కస్టమర్లు తిప్పి పంపేస్తారు."

ఆమె కారు వెళ్ళిపోయాక నేను ఆశన్నకు మాట గుర్తు చేశాను. అతను తప్పించుకోలేదు. ఎదురుగా నిలబడి, క్లాసులో జవాబు చెప్పే విద్యార్థిలా చేతులు వెనక్కి కట్టుకున్నాడు.

"మాట మీదనే ఉన్న సార్. ఆర్డరొస్తే టైర్లు బంద్ అన్న. కాని రంగు మారొద్దన్నది మేడం. పిప్పితోని గీ రంగు రాదు, మీకు ఎరుకే. టైరు లేకుంటే ఆర్డరు ఉండది. ఆర్డరు లేకుంటే టైరు బంద్ జెయ్యాల్నన్న మాటనే లేదు. నన్నేం జెయ్యమంటరో మీరే జెప్పుండ్రి."

నేను మసి చేతులను పంచెకు తుడుచుకున్నాను.

"ఇంకోటి సార్. తప్పుగ అనుకోవద్దు. దేవుని కడాయికే మీరు ఏసిండ్రు. మనుషుల కడాయికి నేను ఏస్తె ఏందంట?"

ఆశన్న తర్కంలో అత్తెసరు మార్కులతో గట్టెక్కాడు. ఆ మార్కులు వేసింది నేనే. పేపరు మళ్ళీ దిద్దాలనిపించింది.

వెనుక నుంచి నర్సింలు గొంతు వినిపించింది. "మనకేం ఫికర్ లేదు ఆశన్నా. పాపం సారుది, పాకం మనది."

వారం తిరగకముందే ఆశన్న మా ఇంటికి ప్రసాదం తెచ్చాడు. మొదటి దిమ్మను గుట్టకు తీసుకుపోయి వచ్చాడట. జాతర రద్దీలో నాలుగు గంటలు లైన్‌లో నిలబడ్డాడట.

"మీ పేరు మీద అర్చన జేయించిన సార్. తప్పు మీ మీద ఉండొద్దని. గోత్రం ఏందని అడిగిండు అయ్యగారు. మీది తెల్వదు, మాదే జెప్పిన."

ప్రసాదం తీసుకున్నాను. ఒక మనిషి నా కోసం నాలుగు గంటలు నిలబడి, తన గోత్రాన్ని అరువిచ్చి తెచ్చిన దాన్ని నమ్మకం లేదన్న కారణంతో తిరస్కరించడం మొరటుతనం అవుతుంది. తియ్యగా ఉంది. బాగా కుదిరిన బెల్లం.

కార్తీకం దాటేసరికి రోజుకు ఏడు కడాయిలు దిగుతున్నాయి. పంక్చర్ దుకాణాల టైర్లు సరిపోక ఆశన్న జాతీయ రహదారి మీద బాల్కొండ దాకా ట్రాలీ పంపిస్తున్నాడు. కొత్త టార్పాలిన్ ఇంకొకటి కొన్నాడు. వచ్చే ఏడు దేవుని కడాయికి పిప్పి దాచే పని లేదని నర్సింలు ఊళ్ళో చెబుతున్నాడట. సారు ఏసినంక మొదటి కడాయే మస్తు దిగిందని, దేవునికి పట్టింపు లేదని తేలిపోయిందని. ఏటా నాలుగు వందలలో ఒక్క కడాయి అయినా తెల్లని పొగతో దిగేది. దాన్నీ లేకుండా చేసింది నా వాదమే.

చంద్రవ్వకు మందు ఆవిరి పట్టే యంత్రం తెచ్చాము. పూటకు రెండుసార్లు ముఖానికి ప్లాస్టిక్ తొడుగు పెట్టుకుని కూర్చుంటుంది. ఆ గుర్రుమనే చప్పుడు పక్కన నేను పుస్తకం తెరవడం మానేశాను. ఒక పగలు ఆమె తొడుగు తీసి బల్ల మీద పెట్టింది.

"ఏందయ్యా, ఇంక ఎన్నొద్దులు ఆలోచన జేస్తవు?"

"ఆలోచించడం లేదు."

"అయితే రాయి. కాలుష్యం ఆఫీసోల్లకు రాయి."

"రాస్తే ఆశన్న బట్టీ మూసేస్తారు. అప్పు మీద పెట్టాడు. ఆర్డరు మనమే తెప్పించాం."

"మనం గాదు. నువ్వు." కొంచెం ఆగి ఊపిరి తీసుకుంది. "ఆశన్న మంచోడే. నర్సింలు మంచోడే. ఆ పిల్ల మంచిదే. నువ్వు ఇంక మంచోనివి. ఇంతమంది మంచోల్ల నడుమ నాకే గాలి లేదు."

బోధన్‌కు పోయి ఫిర్యాదు ఫారం ప్రింటు తీయించుకుని వచ్చాను. ఆమె మంచం పక్కన బల్ల వేసుకుని కూర్చున్నాను. ఎక్కడ కాలుస్తున్నారు: రాశాను. స్థలం యజమాని పేరు: ఆశన్న పేరు రాశాను, కలం కొంచెం బరువుగా కదిలింది. ఏమి కాలుస్తున్నారు: వాడి పారేసిన లారీ టైర్లు. ఆ తర్వాతి గడి దగ్గర ఆగాను.

"ఏమడుగుతున్నది?" అన్నది చంద్రవ్వ.

"కాల్చిన మనిషి పేరు. ఏ తేదీన, ఏ సమయంలో. ఫిర్యాదుదారు కళ్ళారా చూసింది మాత్రమే రాయాలట."

"నర్సింలు పేరు రాయకు. కూలోడు. ముందు వాన్నే పట్టుకపోతరు."

"రాయను. ఆశన్న తన చేత్తో వేయడం నేను ఎన్నడూ చూడలేదు."

అది నిజం. నర్సింలును వంద సార్లు చూశాను. ఒక్క తేదీ కూడా గుర్తు లేదు. తేదీతో, సమయంతో, ఎన్ని ముక్కలో కూడా ప్రమాణం చేసి చెప్పగలిగింది ఒక్క మనిషి గురించే. రాశాను. చంద్రవ్వ కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం తన వైపు తిప్పుకుంది. 

"నీ పేరే రాసినవు."

"అవును."

"మరి ఫిర్యాదు ఇచ్చేటోల్ల పేరు?"

"అదీ నాదే కదా."

"ఒక్కడే తన మీద తనే ఇస్తే ఎవలన్న తీసుకుంటరా? ముసలాయనకు మతి పోయిందని సింపి అవతల పారేస్తరు." చెయ్యి చాచింది. "ఇటియ్యి కలం. ఊపిరి నాది. నా పేరు ఉండాలె."

"భార్య భర్త మీద ఇచ్చినట్టు అవుతుంది."

"అయితది. ఏం, గట్ల ఇయ్యొద్దని ఉన్నదా అండ్ల?"

ఫారం చివరి దాకా చదివాను. అలాంటి నిషేధమేదీ లేదు. ఆమె కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని, చిన్నప్పుడు బడిలో నేర్చుకున్న గుండ్రని అక్షరాలతో పేరు రాసింది. చంద్ర దాకా రాసి ఊపిరి కోసం ఆగింది. తర్వాత వ్వ రాసింది.

నింపవలసిన గడి ఇంకొక్కటి మిగిలింది: ఆరోపణకు గురైన వ్యక్తి చిరునామా. కాగితం తీసుకుని, ఫిర్యాదుదారు చిరునామాయే అని రాశాను.

చంద్రవ్వ అది కూడా చదివింది. "మంచిదే," అన్నది. "ఎంక్వైరీకొస్తే చాయ్ ఒక్క ఇంట్లనే పెడ్తే అయిపోతది."